పికప్ కోసం పాత డీజిల్ కారుకు నాటువైద్యం

ప్రశ్న: మాది 2011 స్విఫ్ట్ డీజిల్. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. నలుగురం ఎక్కి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే బండి ప్రాణం పోయినట్టు ఈడుస్తోంది. మా దగ్గర ఒకాయన చిన్న రెసిస్టర్ ముక్క వైరింగ్‌లో అతికిస్తే పికప్ అదిరిపోతుందంటున్నాడు, ఖర్చు కూడా వందల్లోనేనట. పెట్టించమంటారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పికప్ పెరుగుతుంది, ఆ మాటలో అబద్ధం లేదు. ఎలా పెరుగుతుందో తెలిస్తే మాత్రం మీరే వద్దంటారేమో. మీ ఇంజిన్‌లో సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లకూ దాన్ని పంచే ఉక్కు గొట్టం ఒకటుంటుంది, దాన్ని రెయిల్ అంటారు. అందులో ప్రెజర్ గట్టిగా తొక్కినప్పుడు 1600 బార్ దాకా వెళ్తుంది. ఆ ప్రెజర్ ఎంతుందో సెన్సార్ కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. మీవాడు పెట్టే రెసిస్టర్ ఆ సెన్సార్ చేత తక్కువ లెక్క చెప్పిస్తుంది. కంప్యూటర్ అది నమ్మేసి పంపును ఇంకా తోయమంటుంది, దాంతో ఇంజెక్టర్ తెరుచుకున్న అదే కాసేపట్లో ఎక్కువ డీజిల్ లోపలికి పడుతుంది. ఇదే ఆ మందు.

గొడవేంటంటే, రెసిస్టర్‌కు ఘాట్ ఏదో ట్రాఫిక్ సిగ్నల్ ఏదో తెలియదు. ఐడిలింగ్‌లోనూ అదే అబద్ధం చెబుతుంది. అందుకే ఇలాంటి బండ్లు చల్లగా ఉన్నప్పుడు టకటకా కొట్టుకుంటాయి, ఒక్కోసారి చెక్ ఇంజిన్ లైటు వెలిగి పవర్ మొత్తం కట్ అయిపోయి రోడ్డు మధ్యలో ఇంకో టెన్షన్. అసలు నష్టం వేడి. డీజిల్ ఎక్కువై గాలి అంతే ఉంటే కొంత నల్లపొగగా పోతుంది, ఎగ్జాస్ట్ వేడి విపరీతంగా పెరుగుతుంది. పిస్టన్ అల్యూమినియం మిశ్రమంతో చేసింది, అల్యూమినియం కరిగేదే 660 డిగ్రీల దగ్గర. లోపల మంట అంతకంటే చాలా వేడిగా ఉన్నా పిస్టన్ నిలబడుతోందంటే, మంట క్షణకాలమే ఉండటం, కింద నుంచి ఆయిల్ చిమ్మి చల్లబరుస్తుండటం వల్లే. ఘాట్‌లో పావుగంట సేపు పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడే ఆ సర్దుబాటుకు పరీక్ష. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఫ్యాన్), క్లచ్ ప్లేటు కూడా అప్పుడే దెబ్బతింటాయి.

నా మాట వింటే ముందు మీ బండి పోగొట్టుకున్న పవర్ వెనక్కి తెచ్చుకోండి. ఈ మోడల్ కొత్తలో ఇచ్చిందే 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), ఆ టార్క్ కూడా 2000 ఆర్‌పీఎం దగ్గర. అంతకంటే కింద టర్బో లాగదు, అది రోగం కాదు, దాని స్వభావం. కాబట్టి ఘాట్‌లో మూడో గేర్‌లో ఈడ్చే బదులు రెండుకు దించండి. తర్వాత బానెట్ ఎత్తి ఇంటర్‌కూలర్‌కు (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) వెళ్లే రబ్బరు గొట్టాలు చూడండి. క్లాంపు దగ్గర నూనె తడి, దానికి దుమ్ము అంటుకుని నల్లగా ఉంటే గాలి అక్కడ లీకవుతోందన్నమాట, చేత్తో వంచితే చీలిక కనపడుతుంది. ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలి లోపలికి వెళ్లే దారి) విప్పిస్తే లోపల తారు లాంటి మసి గడ్డకట్టి దారి సగం మూసుకుపోయి ఉండొచ్చు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చి, ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు నాలుగు సీసాలు తగిలించి ఏది ఎక్కువ వెనక్కి వదులుతోందో, అంటే ఏది అరిగిందో చూడమనండి. ఈ పనులకు రెసిస్టర్ కంటే ఎక్కువే ఖర్చవుతుంది, బండి మాత్రం మళ్లీ బండిలా నడుస్తుంది. టైమింగ్ చెయిన్ కూడా ఓసారి చూపించండి, స్టార్ట్ చేసిన కాసేపు గలగలా శబ్దం వస్తే ఇక పవర్ మాట పక్కన పెట్టేయండి.

ఇవన్నీ బాగుండి ఇంకా కావాలనిపిస్తే కంప్యూటర్‌లోని లెక్కలనే మార్చి రాసే (రీమ్యాప్) వాళ్ల దగ్గరికి వెళ్లండి. డీజిల్, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), పొగ మూడూ కలిపి సర్దుతారు, టర్బో డీజిళ్లలో మామూలుగా 15-25 శాతం టార్క్ పెరుగుతుంది. లక్షా ఎనభై వేలు తిరిగిన ఇంజిన్‌కు నేనైతే అందులో సగంతో ఆగమంటాను.

ప్రశ్న: కారు డయాగ్నస్టిక్ సాకెట్‌లో గుచ్చే, ఆన్‌లైన్‌లో దొరికే ఓబీడీ చిప్ పెడితే పవర్, మైలేజీ రెండూ పెరుగుతాయా?
- కర్నూలు పాఠకుడు

జవాబు: విప్పి చూస్తే చాలావాటిలో మెరిసే లైట్లు, వాటిని మెరిపించే బోర్డు తప్ప ఏమీ ఉండవు. కొనకండి.

ప్రశ్న: మా పాత ఇండికా టర్బో లేనిది. మేస్త్రీ పంపు స్క్రూ అర చుట్టు బిగిస్తే లాగుతుందంటున్నాడు.
- ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: అది ఫుల్ లోడ్ స్క్రూ, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఎంత డీజిల్ వెళ్లాలో దాని చేతిలో ఉంటుంది. టర్బో ఉన్న బండికైతే ఇంకాస్త గాలి దొరుకుతుంది, కాబట్టి ఫలితం కనపడుతుంది. మీదానికి గాలి అదే, డీజిల్ మాత్రమే పెరుగుతుంది. కొంచెం లాగినట్టు అనిపించినా వెనక వచ్చేవాళ్లకు పొగే. మరీ బిగిస్తే ఐడిలింగ్ కూడా పెరిగిపోతుంది, పెడల్ వదిలినా రేసు దిగదు. ఇప్పటికే తిప్పేసి ఉంటే, లాక్ నట్ వదులు చేసి పొగ తగ్గేదాకా కొద్దికొద్దిగా వెనక్కి తిప్పమనండి. మీ ఇండికాకు నాజిళ్లు (డీజిల్ చిమ్మే మొనలు) పరీక్షించి, పంపు టైమింగ్ సరిచేయిస్తే చాలు. పనిలో పనిగా డీజిల్‌లో కిరోసిన్ కలపమనేవాళ్ల మాట కూడా వినొద్దు, పంపుకు నూనెదనం అందేది డీజిల్ నుంచే, అది పలచబడితే పంపు అరుగుతుంది. గాలి గొట్టంలోకి వంట గ్యాస్ వదిలే పిచ్చి కొందరికి ఉంది. గ్యాస్ ఎంత వెళ్తోందో కొలిచేదేమీ లేదు, ముందే అంటుకుంటే ఇంజిన్‌కు దెబ్బ, డిక్కీలో సిలిండర్ సంగతి వేరే చెప్పాలా?

ప్రశ్న: ఇలాంటివి చేయిస్తే ఇన్సూరెన్స్, ఆర్టీవో వాళ్లతో ఇబ్బందా?
- పేరు రాయని పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉంటుంది. మోటారు వాహన చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పవర్ పెంచిన సంగతి చెప్పకుండా ప్రమాదం జరిగితే ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగిన నష్టం) క్లెయిమ్‌కు కొర్రీ వేయడానికి కంపెనీకి అవకాశం ఇచ్చినట్టే. ఇక పొగ పరీక్షలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి పొగ సాంద్రత కొలుస్తారు. బీఎస్-4 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లకు హద్దు 50 హెచ్‌ఎస్‌యూ (పొగ సాంద్రత కొలత), అంతకు ముందువాటికి 65. హైదరాబాద్‌లో 2010 ఏప్రిల్ నుంచే బీఎస్-4 వచ్చింది, జిల్లాల్లో అప్పటికింకా బీఎస్-3 బండ్లే అమ్మారు, కాబట్టి మీ హద్దు ఏదో ఆర్‌సీలో చూసుకోండి. 15 ఏళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కు వెళ్లాల్సినవాళ్లు ఫిట్‌నెస్‌కు ముందే రెసిస్టర్ పీకించి, స్క్రూ వెనక్కి తిప్పించి, పీయూసీ (పొగ పరీక్ష సర్టిఫికెట్) కొత్తగా తీసుకుని వెళ్లండి. మళ్లీ బిగించుకోవాలన్న సరదా ఉంటే ఇన్సూరెన్స్ పేపర్లు ఒకసారి చదివి అప్పుడు ఆలోచించండి.