ప్రొటీన్ సరిపోయినా పందిపిల్లలు ఎందుకు ఎదగడం లేదు?

ప్రశ్న: ఇబ్రహీంపట్నం దగ్గర షెడ్డులో 30 లార్జ్ వైట్ యార్క్‌షైర్ పిల్లలు ఉన్నాయి, ఒక్కోటి 20-25 కిలోలు. క్వింటాల్ దాణాకు మొక్కజొన్న 58, తౌడు 15, పల్లి చెక్క 25, ఖనిజ లవణాలు, ఉప్పు 2 కిలోలు వేస్తున్నా. ప్రొటీన్ 18 శాతం ఉందన్నారు. అయినా పిల్లలు గిడసబారాయి, తొట్టిలో దాణా మిగులుతోంది. నట్టల మందు వేశాను. చెక్క ఇంకా పెంచాలా సార్?

జవాబు: పెంచకండి. మీ దాణా లెక్క నేనూ వేసి చూశాను. ప్రొటీన్ 18 శాతం నిజమే, తక్కువైంది లైసిన్. ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఇదొకటి. కిలోకు మొక్కజొన్నలో సుమారు రెండున్నర గ్రాములు, తౌడులో ఆరు, పల్లి చెక్కలో పదిహేను. మొత్తం క్వింటాల్‌కు 610 గ్రాములే. ఈ వయసు పిల్లలకు కిలో దాకా కావాలి.

లైసిన్ తగ్గితే ఏమవుతుందో చెబుతాను, అప్పుడు చెక్క ఎందుకు పెంచొద్దన్నానో తెలుస్తుంది. కణంలో ప్రొటీన్ తయారీకి ఒక్కో అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏలు అనే అణువులు విడివిడిగా ఉంటాయి. లైసిన్ అందకపోతే దాని టీఆర్‌ఎన్‌ఏలు ఖాళీగా మిగులుతాయి. జీసీఎన్2 అనే ఎంజైమ్ ఆ ఖాళీని పసిగట్టి, ప్రొటీన్ల తయారీని తగ్గించేస్తుంది. అంటే కండ పెరగడం ఆగుతుంది. అదే సమయంలో ఏటీఎఫ్4 అనే ప్రొటీన్ మాత్రం ఎక్కువగా తయారై, కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను పని చేయిస్తుంది. అమైనో ఆమ్లాలను కణంలోకి లాక్కొచ్చేవి, ఆస్పరజిన్ లాంటివి తయారు చేసేవి వాటిలో ఉన్నాయి.

ఈ ఏర్పాటు మొదట బయటపడింది ఈస్టులో. ఈస్టుకు లైసిన్ తగ్గితే దాన్ని తయారు చేసే జన్యువులే మేల్కొంటాయి, కొరత తీరుతుంది. పందికీ మనకూ ఆ హెచ్చరిక మిగిలింది గానీ లైసిన్ చేసే జన్యువులు లేవు. ఎంత గోల పెట్టినా అది దాణాలోంచే రావాలి.

తొట్టిలో మిగలడం కూడా ఇందువల్లే కావచ్చు. జీసీఎన్2 లేని ఎలుకలు అమైనో ఆమ్లం లోపమున్న మేతను గుర్తించలేక మామూలుగానే తిన్నాయని 2005లో రెండు పరిశోధనలు చెప్పాయి. దానిమీద తర్వాత వాదనలు నడిచాయి. కానీ లోపమున్న దాణాను పందులు తక్కువ తింటాయన్నది ఫారాల్లో పాత అనుభవమే.

ఇప్పుడు చెక్క పెంచితే వాడుకోలేని మిగతా అమైనో ఆమ్లాలు విరిగిపోతాయి, వాటి నత్రజని యూరియాగా మూత్రంలో పోతుంది. షెడ్డులో ఘాటు వాసన పెరిగిందేమో చూడండి. డబ్బు అక్కడే పోతోంది.

పల్లి చెక్క మొత్తం తీసి 25 కిలోల సోయా చెక్క వేస్తే లైసిన్ 935 గ్రాములకు చేరుతుంది. ఖర్చు ఎక్కువనుకుంటే సోయా 12, పల్లి 13 కిలోలు వేసి, దాణా మందుల షాపులో దొరికే లైసిన్ హెచ్‌సీఎల్ 300 గ్రాములు కలపండి. ముందు కొంచెం తౌడులో కలిపి ఆ తర్వాత మొత్తానికి పట్టించండి, లేకపోతే ఒక్క బస్తాలోనే ఉండిపోతుంది. పల్లి చెక్క బూజు పట్టినట్టుంటే మాత్రం వద్దు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వల్ల కూడా పిల్లలు తినడం మానేస్తాయి.

మార్చే రోజు ఐదారు పిల్లల బరువు తూచి రాసుకోండి. మూడు వారాలకు మళ్లీ తూచండి. అప్పటికీ తేడా లేకపోతే దాణా శాంపిల్ అర కిలో పట్టుకుని రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి రండి.