దవడ టక్‌మంటోంది... ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి. రెండు నెలలుగా ఆవలించినా, పెద్ద ముద్ద పెట్టుకున్నా కుడి చెవి దగ్గర టక్‌మని శబ్దం వస్తోంది. పొద్దున లేచేసరికి దవడలు పట్టేసి నొప్పిగా ఉంటున్నాయట. చెవిపోటు అనుకుని చుక్కలు వేశాం, తగ్గలేదు. నిద్రలో పళ్లు కొరుకుతోందని మా అత్తగారు నులిపురుగుల మందు వేయించారు. కీలు అరిగిపోయిందేమో, ఆపరేషన్ అంటారేమోనని భయంగా ఉంది.

జవాబు: ముందు ఆ ఆపరేషన్ మాట మరిచిపోండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఇది దవడ కీలు సమస్యలా ఉంది. చెవికి సరిగ్గా ముందు వేలు ఆనించి నోరు తెరిచి చూడండి, లోపల కదిలేదే ఆ కీలు. చెవికి అంత ఆనుకుని ఉంటుంది కాబట్టే దాని నొప్పి చెవిపోటులా అనిపిస్తుంది. ఎముకల మధ్య చిన్న దిండులాంటి డిస్క్ ఒకటి ఉంటుంది. అది కాస్త ముందుకు జారి, నోరు తెరిచినప్పుడు మళ్లీ తన చోటికి వస్తూ టక్‌మంటుంది. నొప్పి లేకుండా ఉత్త శబ్దమే అయితే వైద్యమే అక్కర్లేదు, అలాంటివాళ్లు చాలామందే ఉంటారు. మీ పాపకు నొప్పి ఉంది కాబట్టి దవడకు అదనపు పని ఎక్కడ పడుతోందో వెతకాలి.

ఈ వయసు పిల్లలొస్తే నేను నోటికంటే ముందు పెన్నుల పౌచ్ చూపించమంటాను. క్యాపులన్నీ పంటిగాట్లతో నలిగి ఉంటాయి. తర్వాత చేతులు. ‘నేను కొరకను’ అన్న పిల్ల గోళ్లే కండ దాకా పోయి ఉంటాయి! చదువుతూ గడ్డానికి చెయ్యి ఆనించడం, గంటల తరబడి బబుల్‌గమ్, పరీక్షల టెన్షన్‌లో తెలియకుండా పళ్లు బిగబట్టడం కూడా ఇంతే. మన వైపు ఇంకొకటుంది, తేగలు. చీల్చి లోపలి మెత్తటి మొలక, అదే చందమామ, తినేసి ఊరుకోరు, పీచును పంటితో లాగుతూ నములుతూనే ఉంటారు. నాకూ ఇష్టమే. కానీ నొప్పి తగ్గేదాకా తేగలు, చెరకు, మామిడితాండ్ర ఆపించండి.

నులిపురుగుల వల్లే పళ్లు కొరుకుతారనడానికి గట్టి ఆధారం లేదు. మందు వేయించారు, మంచిదే, అత్తగారితో వాదన వద్దు.

పాపకు ఒక్క మాట నేర్పండి: పెదవులు కలవాలి, పళ్లు కలవకూడదు. తినేటప్పుడు, గుటక వేసేటప్పుడు తప్ప పై పళ్లకూ కింది పళ్లకూ పని లేదు. పుస్తకం అట్ట మీద ఓ స్టిక్కర్ అంటించుకుని, అది కనిపించినప్పుడల్లా దవడ వదులు చేసుకోమనండి. తిడితే మాత్రం ఇంకా బిగబడుతుంది. రోజుకు రెండుసార్లు పావుగంట గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టండి. కొన్నాళ్లు అన్నం మెత్తగా వండండి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించుకోమనండి.

మూడు, నాలుగు వారాలకూ తగ్గకపోతే డెంటల్ డాక్టర్‌కు చూపించండి. భీమవరం, రాజమండ్రిల్లో డెంటల్ కాలేజీలున్నాయి, అక్కడ ఓరల్ మెడిసిన్ విభాగం అని అడగండి. అవసరమైతే రాత్రిపూట పళ్లకు పెట్టుకునే ప్లేటు ఇస్తారు. శబ్దం పోవడానికి పళ్లు అరగదీయాలనో, క్లిప్పులు వేయాలనో ఎవరైనా అంటే ఒప్పుకోకుండా రెండో డాక్టర్‌ను అడగండి.

తన మూడు వేళ్లు నిలువుగా ముందు పళ్ల మధ్య పట్టకపోయినా, దవడ బిగుసుకుపోయి తెరుచుకోకపోయినా, వాపో జ్వరమో వచ్చినా, వేరే కీళ్లు కూడా నొప్పి అంటున్నా వారాలు ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి.