సియాటిల్ దుకాణాల్లో వారం వారం వచ్చే కొత్త పేల్ ఏల్‌లలో ఏది కొనాలి?

మీరు మూడు సంగతులు అడిగారు. సియాటిల్ శివార్లకు కొత్తగా వచ్చారు, దుకాణంలో ప్రతి వారం కొత్త పేరుతో పేల్ ఏల్ అనే లేత రంగు బీరు క్యాన్లు కనిపిస్తున్నాయి, ఏది కొనదగినది? అసలు వాటిలో కొత్తదనం ఉందా, లేక బొమ్మ మాత్రమే మారుతోందా? దీపావళికి హైదరాబాద్ వెళ్తూ అన్నయ్యకు కొన్ని పట్టుకెళ్ళవచ్చా? రెండోదానికి జవాబు చెబితే మొదటిది దానంతట అదే తేలిపోతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. బీరు తయారీ నా వృత్తి కాదు. కానీ చాలా ఏళ్ళుగా ఈ ప్రాంతంలో ఉంటున్నాను, శనివారాలు బ్రూవరీల్లోనే బీరు పోసే ట్యాప్‌రూముల్లో కూర్చుని అక్కడి పనివాళ్ళను ప్రశ్నలతో విసిగించడం నాకు అలవాటు.

చిన్న బ్రూవరీకి సాధారణంగా పేల్ ఏల్ కోసం ఒక మాల్ట్ మిశ్రమం, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ కలయిక, దాన్ని పులియబెట్టే ఒక ఈస్ట్ స్థిరపడి ఉంటాయి. వాటిని తరచూ మార్చరు. మారేవి హాప్స్, అంటే బీరుకు చేదును, వాసనను ఇచ్చే తీగ కాయలు. ఈ నెల సిట్రా, మొజాయిక్ అనే రకాలు కలిపి వేస్తారు. వచ్చే నెల సిమ్కో, సెంటెనియల్. దానికొక చమత్కారమైన పేరు, కొత్త బొమ్మ. ఇందులో మోసమేమీ లేదు, హాప్స్ మారితే వాసన నిజంగానే మారుతుంది. అయితే నాలుగు బ్రూవరీలు ఒకే నెలలో సిట్రా వేసి నాలుగు పేర్లతో విడుదల చేస్తే మీ నాలుకకు నాలుగు కొత్త రుచులు దొరకవు. అందుకే పేరు వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో ఏ హాప్స్ రాశారో చదవండి. నా ముక్కుకు తెలిసినంతలో కాస్కేడ్ అంటే పంపర పనస తొక్క, సిట్రా అంటే మామిడి, లిచీ, సిమ్కో అంటే దేవదారు చెక్క, మొజాయిక్ అంటే జామపండు. మొజాయిక్, సిమ్కోలను తోటలో ఆలస్యంగా కోస్తే ఒక్కోసారి ఉల్లి, వెల్లుల్లి వాసన కూడా వస్తుంది. అది మీ భ్రమ కాదు, బీరు పాడైపోలేదు కూడా. కొందరికి అదే ఇష్టం. నేను మాత్రం బీరులో తాలింపు వాసన భరించలేను.

క్యాన్ మీద హెచ్‌బీసీ అనే అక్షరాలు, పక్కన ఒక సంఖ్య కనిపిస్తే కాస్త ఆగండి. అది ఇంకా పేరు పెట్టని హాప్స్ రకం. హాప్ బ్రీడింగ్ కంపెనీ వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో కొత్త రకాలను సంకరం చేస్తుంది. ఒక మొక్క పరీక్షలన్నీ దాటి పేరు తెచ్చుకోవడానికి దాదాపు పదేళ్ళు పడుతుంది. ఈ రోజు అందరూ వాడే సిట్రా ఒకప్పుడు హెచ్‌బీసీ 394, మొజాయిక్ హెచ్‌బీసీ 369. సంఖ్య ఉన్న పేల్ ఏల్ ప్రతిసారీ బాగుంటుందని చెప్పను, కొన్ని రకాలకు సంఖ్యే మిగలడానికి కారణం ఉంటుంది. అయినా అందులో ఉన్నది నిజమైన కొత్తదనం.

పాత కథ కొంచెం తెలిస్తే కొత్తవాటిని తూచడం సులువు. పేల్ ఏల్ పుట్టింది ఇంగ్లండులో. కోక్ బొగ్గు మీద ఆరబెట్టిన మాల్ట్ పొగచూరకుండా లేత రంగులో ఉండేది. జిప్సం ఉన్న బర్టన్ ఊరి నీళ్ళు హాప్స్ చేదును పదునుగా చూపించేవి. మన దేశానికి ఓడల్లో వచ్చిన ఇండియా పేల్ ఏల్ ఆ వంశానిదే. అమెరికా దారి వేరు. ఇక్కడి వ్యవసాయ శాఖ పెంపక కార్యక్రమంలో తయారైన కాస్కేడ్ హాప్స్ 1972లో విడుదలయ్యాయి. శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ 1975లో లిబర్టీ ఏల్‌లో వాటిని వాడింది. 1980లో కాలిఫోర్నియాలోని చీకో పట్టణంలో కెన్ గ్రాస్‌మన్ సియెరా నెవాడా మొదలుపెట్టి, అవే హాప్స్‌తో తన పేల్ ఏల్ కాచాడు. ఆల్కహాల్ 5.6 శాతం. ఆకుపచ్చ చీటీతో అది ఇప్పటికీ ప్రతి కిరాణా దుకాణంలో దొరుకుతుంది. కొత్తవాటి మోజులో పడినవాళ్ళు దాన్ని పాతచింతకాయ పచ్చడిగా తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఏ కొత్త పేల్ ఏల్ గురించైనా నా మొదటి ప్రశ్న, ఇది తాజా సియెరా నెవాడా కంటే బాగుందా అన్నదే. చాలావాటికి జవాబు ‘లేదు’.

మన సియాటిల్‌లో దానికి సమానమైనది జార్జ్‌టౌన్ బ్రూవరీవారి మ్యానీస్ పేల్ ఏల్. 2002లో మొదలైన ఆ బ్రూవరీ బీరు నగరంలో ఏ బారుకు వెళ్ళినా కుళాయిలో దొరుకుతుంది. హడావుడి లేని బీరు. ముందు దాన్ని ఒక గ్లాసు తాగండి, ఆ తర్వాత కొత్తవాటి సంగతి చూద్దాం.

మబ్బుగా, పళ్ళరసంలా కనిపించే ‘హేజీ’ పేల్ ఏల్‌ల గురించి కూడా చెప్పాలి. ఆ దారి వెర్మాంట్ రాష్ట్రం వైపు నుంచి వచ్చింది. ఓట్స్, గోధుమ వేసి నోటికి మెత్తదనం తెస్తారు. మరిగేటప్పుడు హాప్స్ తగ్గించి, చివర్లో, పులిసేటప్పుడు కుమ్మరిస్తారు, అందుకే చేదు తక్కువ, సువాసన ఎక్కువ. 2018లో అమెరికా చిన్న బ్రూవరీల సంఘమైన బ్రూవర్స్ అసోసియేషన్ దీన్ని ప్రత్యేక తరగతిగా గుర్తించింది. ఇప్పుడు వారం వారం వచ్చే విడుదలల్లో చాలా భాగం ఇవే. వీటిలో మీరు జాగ్రత్తపడాల్సింది వెన్న వాసన విషయంలో. పులిసిన తర్వాత వేసే హాప్స్‌లో కొద్దిగా ఎంజైములుంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన పిండి పదార్థాన్ని అవి చక్కెరగా విరగ్గొడతాయి, దాంతో ఈస్ట్ మళ్ళీ పని మొదలుపెడుతుంది. అలా రెండోసారి పులియడం పూర్తికాకముందే శుక్రవారం విడుదల ఉందని క్యాన్లలో నింపేస్తే, డయాసిటైల్ అనే పదార్థం మిగిలి వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన వేస్తుంది. ఒకసారి పేరున్న ఒక బ్రూవరీ ట్యాప్‌రూములో విడుదల రోజునే తాగిన గ్లాసు అచ్చం అలాగే ఉంది. సంగతి చెబితే కౌంటరులోని అమ్మాయి మారుమాట లేకుండా వేరే గ్లాసు ఇచ్చింది. మీరూ మొహమాటపడకుండా అడగండి, ఇక్కడ అది తప్పుగా చూడరు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది తేదీ. క్యాన్‌ను తిరగేసి అడుగు చూడండి. నింపిన తేదీ ఉంటే మంచిది. కొందరు సంవత్సరంలో ఎన్నో రోజో ముద్రిస్తారు: 265 అని ఉంటే సెప్టెంబర్ 22. ‘ఈ తేదీలోపు తాగండి’ అని మాత్రమే ఉంటే ఎంత గడువు ఇచ్చారో మనకు తెలియదు. పేల్ ఏల్‌లో ముందు చచ్చిపోయేది హాప్స్ సువాసన, ఆ తర్వాత మాల్ట్ తేనెలా తియ్యగా మారి, చివరికి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. నేను నింపిన ఆరు వారాల్లోపు దొరికితేనే కొంటాను, హేజీ అయితే నెలలోపు. ఆ క్యాన్ ఎక్కడ కూర్చుందన్నదీ అంతే ముఖ్యం. ఇక్కడి వ్యాపారంలో ఒక మోటు లెక్క వాడతారు: సుమారు 32 డిగ్రీల వేడిలో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు బీరుకు దాదాపు ఒకే నష్టం చేస్తాయి. మా ఇంటి దగ్గరి దుకాణం ఒకటి కొత్త విడుదలలను కిటికీ పక్కన, ఎండ తగిలేచోట గుట్టగా పేరుస్తుంది. చూడటానికి అందంగా ఉంటుంది, నేను మాత్రం వాటిని ముట్టను. లోపల చల్లని అరలో మూడు వారాల కిందట నింపిన పాత పేరు బీరు దొరికితే, కిటికీ దగ్గరి కొత్త పేరుకంటే నాకు అదే కొత్తది.

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మాత్రం నా ఈ విసుగంతా పక్కన పెడతాను. మనం ఉన్నది వాషింగ్టన్ రాష్ట్రం. అమెరికాలో పండే హాప్స్‌లో సుమారు నాలుగింట మూడు వంతులు స్నోక్వాల్మీ కనుమ అవతల యాకిమా లోయలోనే పండుతాయి. గంజాయి కుటుంబానికి చెందిన ఈ తీగలు పదిహేను, పద్దెనిమిది అడుగుల పందిళ్ళకు ఎగబాకుతాయి. ఆగస్టు చివరి నుంచి కోత మొదలవుతుంది. మామూలుగా కోసిన కాయలను వెంటనే బట్టీలో ఆరబెట్టి, పొడిచేసి గుళికలుగా నొక్కుతారు, ఏడాదంతా వాడేది వాటినే. కోతల సమయంలో మాత్రం బ్రూవరీవాళ్ళు రాత్రికి రాత్రి ట్రక్కు పంపి, ఆరబెట్టని పచ్చి కాయలను ఒక రోజులోపే మరుగుతున్న రసంలో వేసేస్తారు. తడి బరువు కాబట్టి ఎండినవాటికంటే అయిదారు రెట్లు ఎక్కువ కావాలి. ఎండు కరివేపాకుకూ చెట్టు మీద నుంచి అప్పుడే దూసిన రెబ్బకూ ఎంత తేడా ఉంటుందో ఈ ఫ్రెష్ హాప్ బీరుకూ మామూలు బీరుకూ అంత తేడా. ఘాటు తగ్గుతుంది, పచ్చిగడ్డి, పుచ్చకాయ తొక్క లాంటి లేత వాసన వస్తుంది. సియెరా నెవాడా 1996లో ఇలా హార్వెస్ట్ ఏల్ కాచింది. అమెరికాలో ఈ వాడుక అక్కడి నుంచే పాకిందంటారు.

సియాటిల్‌లో ఫ్రీమాంట్ బ్రూవరీ ఏటా శరదృతువులో ‘ఫీల్డ్ టు ఫెర్మెంట్’ పేరుతో ఫ్రెష్ హాప్ పేల్ ఏల్ విడుదల చేస్తుంది. ఒకే పేరు, కానీ ఒక్కో విడతలో ఒక్కో రకం హాప్స్. రెండు విడతలు దొరికితే పక్కపక్కన పోసుకుని వాసన చూడండి. హాప్స్ గురించి నేను ఇక్కడ రాసిందంతా అయిదు నిమిషాల్లో ముక్కుకు తెలిసిపోతుంది. ఓపిక ఉంటే కారులో రెండున్నర గంటల దూరంలో ఉన్న యాకిమాకే వెళ్ళండి. ఊరి పక్కన మాక్సీలో బేల్ బ్రేకర్ అనే బ్రూవరీ ఉంది. 1932లో హాప్స్ వేసిన రైతు కుటుంబం నాలుగో తరంవాళ్ళు 2013లో తమ తోటలోనే పెట్టారు. వాళ్ళ పేల్ ఏల్ పేరు ‘ఫీల్డ్ 41’, ఆ బ్రూవరీ ఉన్న పొలం సంఖ్యే అది. 4.5 శాతమే కాబట్టి మధ్యాహ్నం తాగినా తల బరువెక్కదు. బల్ల దగ్గర కూర్చుంటే చుట్టూ పందిళ్ళే, కోత రోజుల్లో గాలి కూడా జిగురుగా ఉన్నట్టనిపిస్తుంది. అక్టోబర్ మొదట్లో యాకిమాలో ఫ్రెష్ హాప్ ఏల్ ఉత్సవం జరుగుతుంది, టికెట్లు ముందే తీసుకోవాలి.

కనుమ దాటి వెనక్కి రావాలి కాబట్టి తాగనివాళ్ళ చేతికి తాళం ఇవ్వండి. వీసా మీద ఉన్నవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం: తాగి నడిపి పట్టుబడితే కోర్టు తీర్పుతో పని లేకుండానే వీసా రద్దు కావచ్చు. ట్యాప్‌రూముల్లో నాలుగైదు ఔన్సుల చిన్న గ్లాసులు ఇస్తారు. నేను కొత్తవి ఎప్పుడూ వాటిలోనే రుచి చూసి, నచ్చిన ఒక్కదాన్ని మాత్రం ఇంటికి క్యాన్లుగా తెచ్చుకుంటాను. నాలుగు పెద్ద క్యాన్ల పెట్టె కొన్నాక నచ్చకపోతే అది ఫ్రిజ్‌లో నెలలు మూలుగుతుంది.

ఇంట్లో తాగేటప్పుడు గ్లాసులో పోయండి, క్యాన్ నుంచి తాగితే వాసన ముక్కుకు చేరదు. ఫ్రిజ్ నుంచి తీశాక కాసేపు ఆగండి. మిరపకాయ బజ్జీలు, గుంటూరు కారం వేసిన కోడి వేపుడు పక్కన ఉంటే గట్టి ఇండియా పేల్ ఏల్‌లు వద్దు. ఆల్కహాల్, చేదు పెరిగేకొద్దీ కారం మంట పెరుగుతుంది. అయిదు శాతం చుట్టూ ఉండి, మాల్ట్ తియ్యదనం కొంచెం తెలిసే పేల్ ఏల్ ఆ భోజనానికి సరిపోతుంది.

అన్నయ్య సంగతి. భారత కస్టమ్స్ నిబంధనల్లో పెద్దవాళ్ళకు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం అనుమతి, బీరు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. 473 మిల్లీలీటర్ల క్యాన్లు నాలుగు కలిపితే 1.9 లీటర్ల లోపే. చెక్-ఇన్ పెట్టె మధ్యలో, ఒక్కోదాన్ని విడిగా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బట్టల నడుమ పెట్టండి. ప్రయాణానికి ముందు రోజు బ్రూవరీలోనే కొనండి, దుకాణంలో వద్దు. దీపావళి సమయం కాబట్టి ఫ్రెష్ హాప్‌వే ఇంకా దొరకవచ్చు, కానీ అడుగున తేదీ చూసుకోండి, అప్పటికి కొన్ని నెల దాటి ఉంటాయి. ఇంటికి చేరగానే నేరుగా ఫ్రిజ్‌లో పెట్టించండి. అలమరాలో దాచి సంక్రాంతికి తీస్తానంటే మాత్రం క్యాన్లు ఇవ్వకండి.