బైపీసీ చదివితే అంతరిక్షానికి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం. శుభాంశు శుక్లా ప్రయాణం టీవీలో చూసినప్పటి నుంచి అంతరిక్ష వైద్యం చదువుతానంటోంది. అంతరిక్షమంటే ఎంపీసీ వాళ్లదే కదా, గ్రూపు మార్పించాలా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మార్పించకండి. రాకెట్‌ను పైకి పంపడం ఇంజినీర్ల పని. అందులో కూర్చున్న మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో తేల్చాల్సింది మీ అమ్మాయి చదువుతున్న జీవశాస్త్రమే.

2025 జూన్ 25న బయల్దేరిన ఆ యాక్సియమ్-4 యాత్రనే తీసుకోండి. శుక్లా అక్కడ చేసిన ప్రయోగాల్లో ఒకటి కండరాల మూలకణాల మీద. దాన్ని సిద్ధం చేసింది బెంగళూరులోని మూలకణ పరిశోధన సంస్థ ఇన్‌స్టెమ్ పరిశోధకులు. అంతరిక్షంలో బరువు తెలియదు; దేహభారం మోసే పని లేకపోతే కండ కరుగుతుంది. తుంటి, వెన్ను ఎముకల సాంద్రత నెలకు ఒక శాతం దాకా తగ్గుతుంది. అందుకే వ్యోమగాములు రోజూ రెండు గంటలు వ్యాయామానికి కేటాయిస్తారు. నెలల తరబడి మంచం పట్టిన రోగి కాళ్లు సన్నబడటానికి మూలం కూడా ఇదే. జర్మనీలోని కొలోన్‌లో 2019లో కొందరు ఆరోగ్యవంతులను, తలవైపు కిందికి ఆరు డిగ్రీలు వాల్చిన మంచాల మీద 60 రోజులు పడుకోబెట్టి ఈ మార్పులను పరిశీలించారు. అంటే ఈ రంగంలో చాలా పని నేలమీదే జరుగుతుంది. ఆ సంగతి అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. వ్యోమగామి కావడమే కోరికైతే దారి ఇరుకు. మనుషులను అంతరిక్షానికి పంపే ఇస్రో కార్యక్రమం గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వాయుసేన పైలట్లే.

వైద్యం వైపు మొగ్గితే ముందు నీట్, ఎంబీబీఎస్. బెంగళూరులో వాయుసేనకు చెందిన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో ఎండీ ఉంది. గగన్‌యాన్ వ్యోమగాములకు వైద్య పరీక్షలు జరిపింది కూడా ఆ సంస్థే. అక్కడ చేరేవారు ఎక్కువగా సైనిక వైద్యులు కాబట్టి, పుణె సాయుధ దళాల వైద్య కళాశాల మంచి మెట్టు. అక్కడ నీట్ మార్కులతో వడపోసి, ఆపై మరో పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి చేర్చుకుంటారు. అయితే చదువయ్యాక సైన్యంలో సేవ చేయాలి. దానికి ఆమె మనస్ఫూర్తిగా సిద్ధమేనా అని అడగండి.

పరిశోధన ఇష్టమైతే కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ, తిరుపతి ఐసర్ మీకు దగ్గరే. దాని ప్రవేశ పరీక్షలో గణితం ప్రశ్నలూ ఉంటాయి. ఫిజియోథెరపీనీ తక్కువగా చూడవద్దు. తిరిగొచ్చిన వ్యోమగామికి పూర్వపు పట్టు తెప్పించడంలో ఆ విద్యకు పెద్ద పాత్ర ఉంది.

డిగ్రీకి ముందే ‘అంతరిక్ష వైద్యం’ పేరుతో ఆన్‌లైన్ సర్టిఫికెట్లకు వేలు పోయకండి. ఆ డబ్బుతో ఈ వేసవిలో ఆమెకు గణితం చెప్పే మంచి మాస్టారును కుదర్చండి.