అమెరికాలో బయట తిండి: మెనూలో రేటు వేరు, కట్టేది వేరు

మొన్న వేసవిలో విజయనగరం వెళ్లినప్పుడు మా పిన్ని కొడుకు పట్టుకున్నాడు. "అన్నయ్యా, ఆగస్టులో చదువుకి డాలస్ వెళ్తున్నా. వంట రాదు. బయట తింటే గడిచిపోతుందా?" వాడికి చెప్పిందే ఈ ఏడాది వెళ్లే మన పిల్లలందరికీ చెప్తున్నాను. గడవదు.

మెనూలో 15 డాలర్లని ఉంటే, డాలస్‌లో దానిమీద 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ పడుతుంది. కూర్చుని తింటే 20 శాతం దాకా టిప్పు ఇవ్వాలి, అది ఇంకో మూడు డాలర్లు. మొత్తం 19 దాటిపోయింది. అదే బియ్యం, కందిపప్పు, కూరగాయలు కొనుక్కుంటే డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో ట్యాక్సే లేదు. చదువు సాగుతున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు. గంటకి 10 డాలర్లు వచ్చినా, ఆ ఒక్క ప్లేటుకి రెండు గంటల కష్టం పోయినట్టే.

టిప్పు సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. నేను వెళ్లిన మొదటి నెలలో ఒకచోట బిల్లు వరకే కట్టి లేచిపోయాం. వడ్డించినావిడ తలుపు దాకా వచ్చి, "భోజనం బాగాలేదా? నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" అని అడిగింది. ఆవిడ మొహం ఇప్పటికీ గుర్తుంది. తర్వాత తెలిసింది, టెక్సస్‌లో వడ్డించేవాళ్లకి యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే సరిపోతుంది. టిప్పులతో కలిపి కూడా గంటకి కనీస వేతనం 7.25 రాకపోతేనే ఆ తేడా అతను కట్టాలి. 1991 నుంచీ ఆ 2.13 మారలేదు. అందుకే టిప్పు ఎగ్గొట్టి పొదుపు చేయకండి. అంత చేతిలో లేనిరోజు పార్సిల్ తెచ్చుకోండి, తప్పేం లేదు. పదిమంది కలిసి వెళ్తే చాలాచోట్ల టిప్పు బిల్లులోనే వేసేస్తారు, చూసుకుని కట్టండి.

అసలు వెళ్లొద్దని కాదు. పరీక్షలయ్యాక స్నేహితులతో తిన్న పూట దండగ కాదు. కాకపోతే ఇడ్లీ, ఉప్మా కోసం వెళ్లకండి. మెక్సికన్ టాకోలు, వియత్నాం వాళ్ల నూడుల్స్ సూప్ 'ఫో' లాంటివి, మన చేత్తో కుదరనివి తినండి. మధ్యాహ్నం లంచ్ స్పెషల్ చవక. కూల్‌డ్రింక్ బదులు ట్యాప్ వాటర్ అడగండి, మామూలుగా డబ్బులు తీసుకోరు. ప్లేటు పెద్దది, సగం డబ్బాలో పెట్టించుకుంటే రాత్రి వంట తప్పుతుంది.

వాడు అడిగిన రోజు పిన్ని పనసపొట్టు కూర వండుతోంది. పక్కన నిలబెట్టి నేర్పించమన్నాను. ఆవముద్ద దించి చల్లార్చాకే కలపాలట, పొయ్యిమీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది. ఇన్నేళ్లలో ఆ కూర నాకు డాలస్‌లో ఏ హోటల్లోనూ దొరకలేదు. వాడి సూట్‌కేసులో మూడు లీటర్ల కుక్కర్ నేనే పెట్టించాను, లోపల సాక్సులు కుక్కి.