శిక్షణ ఇచ్చినా మందు రాయడం లేదంటే

క్లినిక్‌లో శిక్షణ అయ్యాక కూడా డాక్టర్లు బ్యూప్రెనార్ఫిన్ (హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ మత్తుకు బానిసైనవాళ్లకు ఇచ్చే మందు) మొదలుపెట్టడం లేదన్నారు కదండీ. ఇంకో శిక్షణ పెట్టకండి, దండగ. వాళ్లకు తెలియక కాదు, మొదటి డోసంటేనే భయం. ఓపియాయిడ్ ఒంట్లో ఇంకా పనిచేస్తుండగా ఇస్తే విత్‌డ్రాయల్ (మత్తు ఆగినప్పుడు ఒంట్లో పుట్టే బాధ) ఒక్కసారిగా ముంచుకొస్తుంది మరి. అందుకే విత్‌డ్రాయల్ లక్షణాలకు స్కోరు వేసే ఫారం, మొదటి డోసు ఆర్డరు కేస్‌షీట్‌లోనే అచ్చువేయించండి. స్కోరు వేసే పని నర్సుకు అప్పగించండి.

"ఫలానా చోటికి వెళ్లండి" అని చీటీ ఇచ్చి పంపేయడం మాత్రం మానాలి. 2015లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన ట్రయల్‌లో, ఎమర్జెన్సీలోనే ఈ మందు మొదలుపెట్టినవాళ్లలో 78 శాతం నెల తర్వాత కూడా చికిత్సలో ఉన్నారు. చీటీతో పంపినవాళ్లలో 37 శాతమే.

"ఒక మత్తుకు బదులు ఇంకో మత్తు" అనే సీనియర్ ఒకరు ఎక్కడైనా ఉంటారు. ఆయనతో వాదన వద్దు, ఫాలోఅప్ పేషెంట్లను ఆయనకే అప్పగించండి, కోలుకుంటున్నవాళ్లను ఆయనే కళ్లారా చూస్తారు.