మూడేళ్ల అనుభవం ఉంది, ఇంకే కోర్సు చేయాలి అని అడిగినవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మూడేళ్లుగా ఒక సర్వీస్ కంపెనీలో ఫ్రంటెండ్ (వెబ్ పేజీలో కనబడే భాగం) పని, దానికి వాడే రియాక్ట్ లైబ్రరీ వచ్చు, రోజూ టికెట్లు (వచ్చిన బగ్‌లు, పనులు) క్లోజ్ చేయడమే తప్ప కొత్తగా నేర్చుకుంటున్నదేమీ లేదు, ఇంటర్వ్యూలో కాస్త లోతుకి వెళితే నోట మాట రావట్లేదు, కొన్న వీడియో కోర్సులు సగంలో ఆగిపోయాయి, పైగా ఇప్పుడు ఏఐ టెన్షన్ ఒకటి. ఏ కోర్సు చేయాలి, ఏ సైట్లు చూడాలి, క్లౌడ్ సర్టిఫికెట్ పనికొస్తుందా అని.

ఇంకో కోర్సు మాత్రం ఇప్పుడే కొనకండి. నేనూ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోర్సు చేసి వచ్చినవాడినే, ఆ ఇన్‌స్టిట్యూట్ల మీద నాకు నిజంగా గౌరవం ఉంది, జిల్లాల నుంచి బస్సెక్కి వచ్చిన డిగ్రీ పిల్లలు ఎంతమందికో మొదటి ఉద్యోగం అక్కడి చదువుతోనే వచ్చింది. కానీ అది మొదటి ఉద్యోగం దాకా పనికొచ్చే పద్ధతి. సిలబస్ ఎవరో ఇస్తారు, మనం పూర్తి చేస్తాం. మూడేళ్లు నిండిన మనిషికి సిలబస్ బయట ఎక్కడా ఉండదు, మీ టికెట్లలోనే ఉంటుంది. మీరు వాటిని క్లోజ్ చేస్తున్నారు గానీ ఎందుకలా జరిగిందో చివరిదాకా వెళ్లి చూడట్లేదు, ఇంటర్వ్యూలో మాట ఆగిపోతున్నది సరిగ్గా అక్కడే.

నేను ఇంటర్వ్యూలు చేసేటప్పుడు చాలామంది అడిగే పాత ప్రశ్ననే అడుగుతాను: బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కాక పేజీ కనబడేలోపు ఏం జరుగుతుంది? ఎక్కువమంది రిక్వెస్ట్ సర్వర్‌కి వెళుతుంది, రెస్పాన్స్ వస్తుంది అని ఆగిపోతారు. ఆ పేరుకి ఐపీ అడ్రస్ ఎవరు చెప్పారు, సర్టిఫికెట్‌ని బ్రౌజర్ ఎలా నమ్మింది, మధ్యలో ఎవరెవరు కాపీ దాచుకున్నారు, జావాస్క్రిప్ట్ ఫైల్ రాకముందే స్క్రీన్ మీద ఏదైనా కనబడుతుందా? వీటిలో ఒక్కదాని గురించైనా తన ప్రాజెక్ట్‌లో చూసింది చెప్పగలిగితే ఆ మనిషికి పని తెలుసని నాకు అర్థమైపోతుంది. రియాక్ట్ కొత్త వర్షన్‌లో ఏమొచ్చిందన్నది నేను అడగను కూడా.

టికెట్‌ని చివరిదాకా చూడటం అంటే ఏమిటో ఒకటి వివరంగా చెబుతాను. ఒక అమ్మకాల సైట్‌లో ధర మార్చి డిప్లాయ్ చేశారు, కొంతమంది కస్టమర్లకి ఇంకా పాత ధరే కనబడుతోంది. టీమ్‌లో వచ్చిన మొదటి సమాధానం ఎప్పటిలాగే "క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ) క్లియర్ చేసుకోమనండి". లక్షలమంది కస్టమర్లకి ఆ మాట ఎలా చెబుతాం? మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచాం. పేజీ రీలోడ్ చేసి, లిస్టులో అన్నిటికంటే పైన ఉన్న హెచ్‌టీఎంఎల్ రిక్వెస్ట్ మీద క్లిక్ చేసి, రెస్పాన్స్ హెడర్లు ఒక్కొక్కటే చదివాం. క్యాష్-కంట్రోల్ దగ్గర మ్యాక్స్-ఏజ్ 86400 అని ఉంది, అంటే ఒక రోజు. కింద ఏజ్ అని ఇంకో హెడర్, విలువ 40,000 దాటి ఉంది, అంటే ఆ కాపీ మధ్యలో సీడీఎన్‌లో, అంటే సైట్ కాపీలు దాచి యూజర్లకి అందించే సర్వర్లలో, 11 గంటలకు పైగా కూర్చుని ఉంది. తర్వాత కర్ల్ అనే కమాండ్‌తో సీడీఎన్‌ని తప్పించి నేరుగా అసలు సర్వర్‌ని అడిగితే కొత్త ధర వచ్చింది. కస్టమర్ బ్రౌజర్‌ని ఎంత క్లియర్ చేసినా లాభం లేదని అక్కడికి తేలిపోయింది.

పరిష్కారం చిన్నదే. హెచ్‌టీఎంఎల్‌కి నో-క్యాష్ పెట్టాం. పేరు చూసి అసలు దాచుకోవద్దని అర్థమనుకుంటారు చాలామంది, కాదు, దాచుకో కానీ వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ని అడుగు అని అర్థం, అసలు దాచుకోవద్దనాలంటే నో-స్టోర్. బ్రౌజర్ తన దగ్గరున్న కాపీ గుర్తు, అంటే ఈట్యాగ్, చూపించి అడుగుతుంది, ఏమీ మారకపోతే సర్వర్ 304 అని చెప్పి ఊరుకుంటుంది, పేజీ మొత్తం మళ్లీ పంపదు. జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ ఫైళ్లకి మాత్రం పేరులోనే హ్యాష్ (లోపలి కోడ్ నుంచి లెక్కగట్టిన గుర్తు) ఉంటుంది కాబట్టి వాటికి ఏడాది, అంటే 31536000 సెకన్లు పెట్టినా ఇబ్బంది లేదు, ఎందుకంటే లోపలి కోడ్ మారితే పేరే మారిపోతుంది. ఆ రోజు సాయంత్రం ఆ అమ్మాయి వెబ్ టెక్నాలజీలు వివరించే ఎండీఎన్ సైట్‌లో హెచ్‌టీటీపీ క్యాషింగ్ పేజీ కూర్చుని మొత్తం చదివింది, ప్రతి వాక్యం దగ్గరా తనకి కళ్లతో చూసిన హెడర్ ఉంది. అదే పేజీ ఖాళీగా ఉన్న ఆదివారం చదివితే రెండో పేరా దగ్గర నిద్రొస్తుంది.

కాబట్టి రిసోర్సుల సంగతికి వస్తే, అవి ప్రశ్న పుట్టాక తెరవాల్సినవి. బ్రౌజర్ విషయం ఏదైనా మొదట ఎండీఎన్. 2005లో మొజిల్లా మొదలుపెట్టింది, 2017లో గూగుల్, మైక్రోసాఫ్ట్ కూడా దానితో కలిశాయి, అంటే బ్రౌజర్లు తయారుచేసేవాళ్లే నమ్మే చోటు. ఒక ఫీచర్ ఏ ఫోన్‌లో పనిచేస్తుందో చూడటానికి క్యాన్ ఐ యూజ్. పేజీ స్పీడ్ గురించైతే వెబ్.డెవ్, అందులో ఎల్‌సీపీ (పేజీలో పెద్ద భాగం కనబడే సమయం) 2.5 సెకన్లలోపు, ఐఎన్‌పీ (నొక్కాక స్పందించే సమయం) 200 మిల్లీసెకన్లలోపు, సీఎల్ఎస్ (పేజీ ఎంత కదులుతుందో) 0.1 లోపు ఉండాలని అంటారు, ఆ మూడూ ఎందుకు పెట్టారో చదవండి, తర్వాత మీ సైట్‌ని లైట్‌హౌస్ అనే పరీక్ష టూల్‌లో ఒకసారి పెట్టండి. కాకపోతే అందులో మామూలుగా పేజీ లోడ్ పరీక్షిస్తే ఐఎన్‌పీ కనబడదు, అది నిజమైన యూజర్లు నొక్కినప్పుడే తెలిసేది. స్టేటస్ కోడ్‌ల మీద వాదన వస్తే నేను 2022లో వచ్చిన హెచ్‌టీటీపీ స్టాండర్డ్, ఆర్ఎఫ్‌సీ 9110, తెరుస్తాను. స్టాండర్డ్ అనగానే భయపడతారు గానీ 401కీ 403కీ తేడా అందులో కొన్ని లైన్లలో స్పష్టంగా ఉంటుంది.

ఇంగ్లీష్ చదవడం బరువుగా ఉంటే సిగ్గుపడకండి. అర్థం కాని పేరాని ఏఐకి ఇచ్చి తెలుగులో చెప్పమనండి, బాగానే చెబుతుంది. కానీ అది చెప్పినదాన్ని బ్రౌజర్‌లో చూసి సరిచూసుకోండి. ఏఐ విషయంలో నేను పాటించేది ఇదే: ముందు కారణం ఏమై ఉంటుందో నేనే ఒక లైన్ రాసుకుంటాను, తర్వాత దాన్ని అడుగుతాను, ఇద్దరి మాటా తేడాగా ఉంటే నెట్‌వర్క్ ట్యాబ్‌నో లాగ్‌నో అడుగుతాను. ఇక కస్టమర్ డేటా, కంపెనీ కోడ్ బయటి టూల్స్‌లో పేస్ట్ చేయకండి, మీ కంపెనీ ఏది వాడొచ్చంటే అదే వాడండి, ఉద్యోగం మీదకి తెచ్చుకోవద్దు.

ఫ్రంటెండ్ వాళ్లు తప్పించుకు తిరిగే మూడు విషయాలున్నాయి: లినక్స్ కమాండ్ లైన్, డేటాబేస్, సెక్యూరిటీ. కమాండ్ లైన్‌కి ఎంఐటీ వాళ్ల మిస్సింగ్ సెమిస్టర్ వీడియోలు ఉచితం, కాలేజీలో ఎవరూ చెప్పని షెల్, ఎడిటర్, గిట్ అన్నీ అందులో చెబుతారు. గిట్‌కి దాని సొంత సైట్‌లోనే పూర్తి పుస్తకం ఉచితంగా ఉంది, మిగతాది తర్వాత చూసుకున్నా గిట్ బైసెక్ట్ మాత్రం ఈ వారమే నేర్చుకోండి. వెయ్యి కమిట్లలో ఏది పాడుచేసిందో సుమారు పది సార్లు పరీక్షించి పట్టుకోవచ్చు, మీ టీమ్‌లో మీ విలువ ఒక్కరోజులో పెరుగుతుంది. డేటాబేస్‌కి నెమ్మదిగా నడిచే క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టి, డేటాబేస్ దాన్ని ఎలా నడుపుతుందో చూడటంతో మొదలుపెట్టండి. సెక్యూరిటీకి పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ, ఉచిత ల్యాబ్‌లు, బ్రౌజర్‌లోనే చేయొచ్చు. నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ పునాది కావాలంటే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉన్నాయి, పరీక్షకే ఫీజు, చూడటానికి కాదు. పూర్తి కోర్సు చేయకుండా మనసు ఒప్పుకోకపోతే హెల్సింకీ యూనివర్సిటీ వాళ్ల ఫుల్ స్టాక్ ఓపెన్ ఒక్కటి చాలు, రియాక్ట్ మీకు వచ్చు కాబట్టి సర్వర్ భాగం నుంచి మొదలుపెట్టొచ్చు.

ఇంకొకటి, ఎవరూ కోర్సుగా చెప్పరు గానీ మన ఊళ్ల కోసం పనిచేసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది: తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లో ఎలా ఉంటాయన్నది. శ్రీ అన్నది మనకి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి నాలుగు. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే 4 అంటుంది, యూటీఎఫ్-8లో 12 బైట్లు. ఒక ఫారంలో పేరుకి 30 అని పెట్టారనుకోండి. ఒరాకిల్ డేటాబేస్‌లో వార్‌క్యార్2 అనే టెక్స్ట్ కాలమ్‌కి 30 అంటే మామూలుగా 30 బైట్లు. వెంకటేశ్వర్లు అని ఇంగ్లీష్‌లో రాస్తే 13 బైట్లే, తెలుగులో రాస్తే 39. అంత మామూలు పేరు కూడా పట్టదు, ఎర్రర్ కొడుతుంది! ఊళ్లో ఒక పెద్దాయన తన పేరు తెలుగులో టైప్ చేసి సబ్మిట్ అవ్వక, తప్పు తనదే అనుకుని లేచి వెళ్లిపోతే నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే అది కాలమ్ సైజు రాసినవాళ్ల పని. ఎస్ఎంఎస్ కూడా అంతే, ఇంగ్లీష్‌లో 160 అక్షరాలు పట్టే చోట తెలుగులో 70 యూనిట్లే, అంతకు మించితే రెండో మెసేజ్ కింద బిల్లు. "మరింత చదవండి" దగ్గర వాక్యాన్ని లెంగ్త్ చూసి కోసేస్తే ఒత్తు ఊడిపోయి పొల్లు మిగులుతుంది. దానికి జావాస్క్రిప్ట్‌లో అక్షరాలని సరిగ్గా విడగొట్టే Intl.Segmenter వాడండి, 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు ఒత్తుని విడగొట్టకూడదన్న నియమం కూడా చేరింది, పాత బ్రౌజర్లలో మాత్రం శ్, రీ అని రెండుగా వస్తుంది కాబట్టి టెస్ట్ చేసే పెట్టండి. పేజీకి లాంగ్ దగ్గర టీఈ అని రాయడం మరిచిపోవద్దు, చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ ఏ భాషలో చదవాలో దాన్నిబట్టే తెలుస్తుంది. ఈ జ్ఞానం ఉన్నవాళ్లు నాకు ఇంటర్వ్యూల్లో చాలా తక్కువ కనబడ్డారు, తెలుగు వచ్చిన ఇంజనీర్‌కి ఇది చేతికందే విషయం.

ఇవన్నీ గుర్తుండాలంటే ఒక నోట్స్ ఫైల్ పెట్టుకోండి. ప్రతి మంచి టికెట్‌కీ నాలుగు లైన్లు: యూజర్‌కి ఏం కనబడింది, నేను ఎక్కడ చూశాను, అసలు కారణం ఏమిటి, అదే కారణమని ఎలా రుజువైంది. నాలుగోది ముఖ్యం, చాలామంది మూడో లైన్‌తో ఆపేస్తారు. క్లయింట్ పేరూ వివరాలూ అందులో రాయకండి. ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి ఆ ఫైల్ ఒక్కటి చదువుకుని వెళితే చాలు, చెప్పడానికి మీ దగ్గర నిజంగా జరిగినవి ఉంటాయి.

టైమ్ లేదంటారా, టికెట్ క్లోజ్ చేశాక అరగంట దాని మీదే ఉండండి, వీకెండ్ పాడుచేసుకోవద్దు. రిలీజ్ వారంలో అదీ కుదరదు, నోట్స్‌లో ప్రశ్న మాత్రం రాసిపెట్టుకుని తర్వాత చూడండి.

క్లౌడ్ సర్టిఫికెట్ గురించి. మీ పనిలో డిప్లాయ్‌మెంట్, సర్వర్లు తగులుతుంటే చేయండి, లేకపోతే చదివింది ఆరు నెలల్లో మరిచిపోతారు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు మూడేళ్లే చెల్లుతాయి, ప్రాక్టీషనర్ పరీక్ష 100 డాలర్లు, అసోసియేట్ 150, పన్ను అదనం. చాలా కంపెనీలు పాసైతే ఆ ఫీజు తిరిగిస్తాయి, కాబట్టి జేబులోంచి కట్టే ముందు మీ మేనేజర్‌నో హెచ్ఆర్‌నో అడగండి, ముందే అప్రూవల్ తీసుకోకపోతే కొన్నిచోట్ల తర్వాత ఇవ్వరు.